చీకటి ఎక్కడ పెట్టారయ్యా?

ఈ మధ్య నాటకానికి బయల్దేరితే మా ఆవిడ సంచిలో మంచినీళ్ళ సీసాతో పాటు నల్ల కళ్ళద్దాలు కూడా పెడుతోంది. వెటకారానికనుకునేరు, నిజంగానే పనికొస్తున్నాయి. తెర లేచీ లేవకముందే స్టేజీ వెనకనుంచి నాలుగు తెల్లటి కిరణాలు గిరగిరా తిరిగి సూటిగా మన కళ్ళల్లో పడతాయి. నటుణ్ణి చూపించాల్సిన లైటు ప్రేక్షకుణ్ణి చూస్తుంది. "ఎందుకు బాబూ ఇది?" అంటే "ఎఫెక్టు అంకుల్" అంటాడు బోర్డు దగ్గర కూర్చున్న కుర్రాడు. ఏం ఎఫెక్టో! మొన్న నా పక్క సీట్లో ఆయన కంటి ఆపరేషను చేయించుకుని వచ్చాడు పాపం. ఎఫెక్టంతా ఆయన మీదే పడింది.

గొణగడానికి నాకు కొంచెం హక్కుంది లెండి. పగలు మోటార్లకు వైండింగు చేసుకుంటూ, రాత్రిళ్ళు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పద్యనాటకాలకీ పరిషత్తుల పోటీ నాటికలకీ లైట్లు వేసి బతికినవాణ్ణి. కరపత్రంలో నా పేరు ఎప్పుడూ అట్టడుగున, ప్రెస్సువాడి పేరుకి ఒక్క గీత పైన ఉండేది. ఒక్కోసారి అదీ ఉండేది కాదు. నేనూ పెద్దగా పట్టించుకోలేదు. లైటు వేసినవాడొకడున్నాడని ఎవరికీ గుర్తు రాకుండా ఆట సాగిపోతే అదే మాకు పెద్ద బహుమతి. ఇప్పుడు లైటే హీరో. నటుడెక్కడున్నాడో వెతుక్కోవాలి.

ఈ గొడవ కరెంటుకు ముందునుంచి చెప్పుకు రావాలి.

మా తాత చూసిన కూచిపూడి భాగవతంలో లైటంటే దివిటీ. రంగానికి అటొకరూ ఇటొకరూ దివిటీలు పట్టుకుని నిలబడేవారు. ఇద్దరు మనుషులు అడ్డంగా పట్టుకున్న తెర మీదుగా సత్యభామ తన జడను ముందుకు వేసేది. సరిగ్గా ఆ సమయానికి దివిటీ మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గుమని లేచేది. ఆ లేచిన మంటలో జడ మీది నగలన్నీ ఒక్కసారి మెరిసి, మంట తగ్గగానే సగం చీకట్లోకి జారుకునేవి. ఇంకా మనిషి ముఖమే చూపించలేదు, జనం ఊపిరి బిగబట్టేశారు. ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుడు వచ్చేటప్పుడూ అంతే, గుగ్గిలం మంట ముందు, రాజుగారు వెనక. మా తాత ఆ రాక గురించి చెప్పేటప్పుడు ఆయన చేతులు గాలిలో పొడి చల్లుతూ ఉండేవి.

దివిటీ పట్టినవాడు ఊరికే నిలబడేవాడు కాదు. పాత్రధారి ఎటు కదిలితే అటు కదిలేవాడు. అభినయం కంటికీ కనుబొమకీ వచ్చినప్పుడు దగ్గరికి జరిగేవాడు, అడుగులు జోరందుకుంటే దూరం వెళ్ళేవాడు. ఇప్పుడు ఫాలో స్పాట్ అని అద్దెకు తెస్తున్నదాన్ని ఆయన చేత్తో మోశాడు. గుగ్గిలం ఎప్పుడు చల్లాలో ఆయనకి ఎవరూ సైగ చేయక్కర్లేదు. ఆటంతా కంఠతా వచ్చు. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే, ముందే చెప్పేస్తున్నాను: ఆ రోజుల్లో లైటు పట్టినవాడికి ఆట తెలిసి ఉండేది.

తోలుబొమ్మలాటలో ఇంకో తమాషా ఉంది. అక్కడ దీపం తెర వెనకాల. పలచగా గీకిన తోలు, దాని మీద రంగులు, వెనకనుంచి ఆముదం దీపం. ఆ దీపం స్థిరంగా ఉండదు, గాలికి ఊగుతుంది. దాంతో పాటు బొమ్మ కూడా ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. బొమ్మను తెరకు ఆనిస్తే గీతలు స్పష్టంగా పడతాయి, కాస్త వెనక్కి లాగితే మసకబారి పెద్దదవుతుంది. హనుమంతుడు పెరిగి పెద్దవాడయ్యేది అలాగే. తర్వాత ఆముదం దీపాల చోటికి బల్బులు వచ్చాయి. వెలుతురు పెరిగింది, సందేహం లేదు. బొమ్మ ఊపిరి తీయడం మానేసింది.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పద్యనాటకమంటే పెట్రోమాక్స్ లైట్లే. పందిరి రాటలకు ముందువైపు వేలాడదీసేవారు. బుస్సుమని ఒకటే చప్పుడు, చుట్టూ పురుగులు. అర్ధరాత్రయ్యేసరికి గాలి తగ్గి మేంటిల్ ఎర్రబడేది. అప్పుడొకడు వచ్చి లైటు దించి పంపు కొట్టాలి. తెలివైనవాడైతే పద్యం అయ్యి చప్పట్లు మోగుతున్నప్పుడు కొట్టేవాడు. తెలివిలేనివాడు రాగం మధ్యలో కొట్టేవాడు, నటుడు పాడుతూనే వాడివంక కృష్ణుడి వేషంలో దుర్యోధనుడి చూపు చూసేవాడు. పద్యనాటకం నటులు పద్యమెత్తుకోగానే స్టేజీ ముందుకు వచ్చేస్తారని ఈ కాలపు విమర్శకులు వెక్కిరిస్తారు చూడండి, మైకు కోసమని ఒకరు, చప్పట్ల కోసమని ఒకరు. ఆ అలవాటులో సగం లైటు చేసిందని నా నమ్మకం. ముఖం కనబడే చోటు అదొక్కటే మరి.

ఆ వేషాలు కూడా ఆ వెలుగుకు తగ్గట్టే ఉండేవి. ముఖానికి అర్దళం, కళ్ళకు దట్టంగా కాటుక, కిరీటం నిండా అద్దపు ముక్కలు. పసుప్పచ్చని అర్దళం పసుప్పచ్చని మంటలో బంగారంలా నిగనిగలాడేది. అదే రంగు పూసుకుని ఇవాళ్టి తెల్లటి ఎల్‌ఈడీ కింద నిలబడితే కామెర్లు వచ్చినవాడిలా ఉంటాడు. తప్పు అర్దళానిది కాదు.

కరెంటు వచ్చాక మేం చేసిన విద్యలు వింటే మీరు నవ్వుతారు. డాల్డా డబ్బాకు ఒకవైపు కోసి, లోపల బల్బు హోల్డరు బిగిస్తే అది స్పాట్ లైటు. ముందు జిలెటిన్ కాగితం కడితే రంగు. నీలం వెన్నెలకు, ఎరుపు కోపానికి, అంబర్ పగటికి. స్టేజీ అంచున వరసగా ఫుట్‌లైట్లు. కిందనుంచి పడే వెలుగు మనిషికి సహజం కాదు, ఎందుకంటే సూర్యుడూ చంద్రుడూ పైనే ఉంటారు. ముక్కు నీడ నుదుటి మీదికి పాకుతుంది, కళ్ళ కింద గుంటలు పడతాయి. అందుకే కీచకుడు వచ్చినప్పుడు పైవి తగ్గించి ఫుట్‌లైట్లు ఉంచేవాళ్ళం. పై వరస కూడా ఎక్కిస్తే అదే ముఖం పెళ్ళికొడుకు ముఖమయ్యేది. మనిషి మారలేదు, డైలాగు మారలేదు, వెలుగు వచ్చే దిక్కు మారింది, అంతే.

ఇక డిమ్మరు. అది మాకు ఊరగాయ జాడీ. నిజమండీ. జాడీలో ఉప్పునీళ్ళు పోసి, అడుగున ఒక లోహపు పలక, పైన తాడుకు వేలాడే ఇంకో పలక. ఈ రెంటి మధ్య నీళ్ళలోంచి కరెంటు పోతుంది. పై పలకను దించుతున్నకొద్దీ అడ్డు తగ్గి బల్బు వెలుగు పెరుగుతుంది, ఎత్తితే తగ్గుతుంది. ఉప్పు తక్కువైతే పూర్తిగా వెలగదు, ఎక్కువైతే నీళ్ళు సలసలా మరుగుతాయి. చెయ్యి తడిగా ఉండి పొరపాటున తగిలిందా, ఆ రాత్రి కాటిసీనులో నిజం శవమే. అంత భయంతో పట్టుకున్న తాడు కాబట్టే మేం దాన్ని మెల్లగా కదిపేవాళ్ళం. తొందరపడే వీల్లేదు.

కాటిసీను అన్నాను కదా, ఆ ఒక్క సీను కోసమే లైటింగు నేర్చుకున్నానని చెప్పినా అబద్ధం కాదు. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకం, అందులో జాషువా శ్మశానం పద్యాలు కలుపుకుని పాడటం మన నటులకు ఆనవాయితీ. ఆ సీనుకు మా సరంజామా ఏమిటి? రెండు పక్కలా నీలం కాగితం కట్టిన డబ్బాలు. ఒక మూల చితుకుల కుప్ప, దానికింద ఎర్ర కాగితం చుట్టిన బల్బు, అది చితి. ముందు ఒక అంబర్ డబ్బా, దాదాపు ఆర్పేసి. ఇంకేమీ లేదు. హరిశ్చంద్రుడు కర్ర భుజాన వేసుకుని వస్తే సగం ముఖం చితి వెలుగులో ఎర్రగా, సగం నీలపు చీకట్లో ఉండేది. జనానికి అతని రెండో కన్ను కనబడేది కాదు. కనబడకూడదు కూడా. ఆ చీకట్లో పద్యం వింటే శ్మశానం మొత్తం మాటల్లోనే లేచి నిలబడేది. ప్లాస్టిక్ పుర్రెలు అక్కర్లేదు, పొగ అక్కర్లేదు.

తర్వాత చంద్రమతి బిడ్డ శవంతో వస్తుంది. మెడలో మంగళసూత్రం చూసి, తన భార్యేనని అతను గుర్తుపట్టాలి. అక్కడ నా పని ఒక్కటే. ముందున్న అంబర్ డబ్బాను, నటుడు పద్యం ఎత్తుకున్నప్పుడు మొదలుపెట్టి, రాగం తీసి ముగించేలోపు పావువంతు పెంచాలి. పద్యం పొడుగునా తాడు వేలెడు దిగుతుంది. చూస్తున్నవాళ్ళలో ఒక్కడికి కూడా లైటు మారిందని తెలియకూడదు. తెలిస్తే నేను ఓడిపోయినట్టు. వాళ్ళకు తెలియాల్సింది ఆమె ముఖం ఇప్పుడు కనబడుతోందని, అది అతని భార్య ముఖమని. హార్మోనిస్టు, నేను, నటుడు ముగ్గురం ఒకే శ్వాస మీద ఉండేవాళ్ళం. ఆ నటుడు ఆ రోజు రాగం ఎక్కువసేపు లాగితే నేనూ లాగాలి. వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటికి రావాలి. ఏ యంత్రానికి చెబుతారు ఇది?

ఓల్టేజీ కూడా మాతో పాటు నటించేదనుకోండి. పొలాల్లో మోటార్లు నడుస్తుంటే మా బల్బులు గుడ్డివి. ఏ రాత్రికో మోటార్లు కట్టేస్తే, అభిమన్యుడు చచ్చిపడి ఉన్న సీనులో ఉన్నట్టుండి పెళ్ళిపందిరంత వెలుగు.

సురభి వాళ్ళ దగ్గర నేర్చుకున్నది వేరే చదువు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబం వాళ్ళది. మాయాబజారులో బాణాలు గాలిలో ఢీకొంటాయి, నారదుడు మేఘాల్లోంచి దిగుతాడు, లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగురుతాయి. ఇదంతా తీగల మీద, దారాల మీద నడిచే వ్యవహారం. దారం కనబడకపోవడానికి కారణం, దాని మీద లైటు పడకపోవడం. వెలుగు ఎక్కడ వేయాలన్నది ఎవడైనా చెబుతాడు, ఎక్కడ వేయకూడదో సురభి వాళ్ళు చెబుతారు. ఇప్పుడు ఎవరైనా ఆ నాటకం ఆడుతుంటే, వీడియో బాగా రావాలని మొత్తం స్టేజీకి ఫుల్ లైట్లు వేయమంటున్నారు నిర్వాహకులు. వీడియోలో నారదుడి కంటే తాడు బాగా వస్తోంది.

చీకటి విలువ తెలిసిన మహానుభావుడు ఒకరుండేవారు, కలకత్తాలో తాపస్ సేన్. 1959లో ఉత్పల్ దత్ ‘అంగార్’ నాటకానికి ఆయన లైటింగు. బొగ్గుగనిలోకి నీళ్ళు వచ్చి కార్మికులు మునిగిపోయే చివరి సీను మినర్వా థియేటరు స్టేజీ మీద చేశారు. చుక్క నీరు లేదు. నీటిమట్టం పైకి లేస్తున్నట్టు వెలుగుతోనే చూపించారు. ఆ నాటకం పేరు చెప్పగానే జనం ముందు ఆ లైటింగునే తలుచుకుంటారు. ఆయన 2006లో పోయారు. అంత పేరున్న లైటింగు మనిషి మన తెలుగు నాటకానికి ఎందుకు లేడని అడక్కండి. పేరు కరపత్రంలో వేస్తే కదా.

ముసలాళ్ళు ఎప్పుడూ ఇలాగే గొణుగుతారని మీరనుకుంటారు. అనుకోండి. లండన్లో 1881లో సవాయ్ థియేటరుకు కరెంటు దీపాలు పెట్టారు. జనం నిప్పంటుకుంటుందని భయపడితే, యజమాని స్టేజీ మీదికి వచ్చి వెలుగుతున్న బల్బును అందరి ముందూ పగలగొట్టి చూపించాడు. ఏమీ కాలేదు, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అక్కడి మహానటి ఎలెన్ టెర్రీ మాత్రం, గ్యాసు దీపాల మెత్తదనం కరెంటులో లేదని తన ఆత్మకథలో రాసుకుని బాధపడింది. ఆవిడను బాధపెట్టిన ఆ బల్బు కోసమే నేనిప్పుడు బాధపడుతున్నాను. రేపు ఈ ఎల్‌ఈడీ కోసం ఏడ్చేవాడు కూడా పుడతాడేమో, నాకు నమ్మకం లేదు కానీ.

బల్బు కోసం ఎందుకంటే, దానికో గుణం ఉంది. పాత ఫిలమెంటు బల్బును తగ్గిస్తుంటే వెలుగుతో పాటు రంగు కూడా మారుతుంది. తెలుపు పసుపవుతుంది, పసుపు నారింజవుతుంది, చివరికి నిప్పుకణిక ఎరుపులోకి వచ్చి ఆరిపోతుంది. పొద్దు కుంగే తీరు కూడా అదే కాబట్టి మన కళ్ళకు తెలిసిన వరస అది. ఎల్‌ఈడీ అలా కాదు. సగానికి తగ్గించినా అదే తెలుపు, పదోవంతుకు తగ్గించినా అదే తెలుపు, చివర్న టక్కున మాయం. చవకరకమైతే దిగేటప్పుడు మెట్లు మెట్లుగా దిగుతుంది. తల్లి చచ్చిపోయే సీనులో లైటు అలా కుదుపులతో దిగుతుంటే జనం తల్లిని చూస్తారా, ఫ్యూజు పోయిందా అని పైకి చూస్తారా? మంచివాటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు అంబర్ కూడా ఉంటుంది, తెలిసినవాడు తగ్గించేటప్పుడు దాన్ని కలుపుకుంటూ వస్తాడు. తెలిసినవాడు దొరకాలి కదా.

ఇవాళ మన పరిషత్తుల్లో లైట్లు వేసేది ఎవరు? ఈవెంట్ల కుర్రాళ్ళు. నిన్న ఒక సంగీత్, రేపు ఒక రిసెప్షను, మధ్యలో మన నాటిక. వాళ్ళను తప్పు పట్టలేను, కష్టపడే పిల్లలే. ఒకసారి రాయబారం నాటకంలో పడక సీను నడుస్తోంది. కృష్ణుడు దొంగనిద్రలో ఉన్నాడు, అర్జునుడు కాళ్ళ దగ్గర, దుర్యోధనుడు తల దగ్గర. వెనక ఎల్‌ఈడీ తెర మీద సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయి, పైన మూవింగ్ హెడ్లనే తిరిగే లైట్లు ఊదా నుంచి ఆకుపచ్చకీ, ఆకుపచ్చ నుంచి గులాబీకీ తిరుగుతున్నాయి. కృష్ణుడు నిద్ర నటించడమేమిటి, ఆ వెలుతురులో కుంభకర్ణుడికైనా నిద్ర పడుతుందా? నేను లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, ఈ పద్యం అయ్యేదాకా ఆ తిరిగేవి ఆపవయ్యా."

"ఆటో మోడ్‌లో ఉంది అంకుల్. ఆపితే మొత్తం ఆగిపోద్ది."

"పోనీ ఏ సీనుకు ఏమి కావాలో నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పడానికెవరున్నారండీ? మధ్యాహ్నం వచ్చి ట్రస్సు ఎక్కించాం. నాటకమోళ్ళు ఎనిమిదింటికొచ్చారు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కుర్రాడు చెప్పింది నిజం. పోటీ నాటికల్లో రాత్రికి రెండు మూడు ప్రదర్శనలుంటాయి, ఒకటి దిగి ఇంకోటి ఎక్కేలోపు సెట్టు సర్దడానికే సమయం చాలదు. నాటికవాళ్ళు రాజమండ్రి నుంచో శ్రీకాకుళం నుంచో బస్సు దిగి నేరుగా వేషాలు కట్టుకుంటారు. లైట్లు ఎవరివో, నాటకం ఎవరిదో. ఇద్దరికీ పరిచయమే లేదు. మా రోజుల్లో రిహార్సలుకు లైటు మనిషిని పిలిచేవారు. టీ ఇవ్వకపోయినా పిలిచేవారు. మూల కూర్చుని వారం రోజులు వింటే ఎక్కడ తగ్గాలో, ఎక్కడ ఆగాలో చేతికే తెలిసిపోయేది.

అలాగని సామానును తప్పు పట్టను. లైట్లను నడపడానికి ఒక్క తీగలో 512 చానళ్ళు పంపే డీఎంఎక్స్ పద్ధతి 1986లో వచ్చింది. ఇప్పుడు పల్లెటూరి డీజే దగ్గర కూడా ఆ బోర్డు ఉంది. మాకు జాడీలు నాలుగుంటే గొప్ప. 512 చానళ్ళతో చేయగలిగింది తలుచుకుంటే నాకే అసూయగా ఉంటుంది. సీను సీనుకూ ముందే రాసిపెట్టుకోవచ్చు, నిమిషంపాటు మెల్లగా పెరగమంటే అది వణక్కుండా పెరుగుతుంది, నా చెయ్యి వణికేది. షాకు భయం తగ్గింది. వెయ్యి వాట్ల లైట్లు పది వేస్తే ఆ వేడికి రాజుగారి మీసం జిగురు కరిగి ఊడిపోయేది, ఇప్పుడు ఆ బాధ లేదు, పందిరి తీగలు కాలే ప్రమాదమూ తగ్గింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ థియేటర్ విభాగం పిల్లల ప్రదర్శన ఒకటి చూశాను. ఇదే ఎల్‌ఈడీ, ఇదే బోర్డు. స్టేజీలో ముప్పాతిక భాగం చీకటి. ఒక అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉత్తరం చదువుతుంటే ఆమె చేతుల మీద, ఉత్తరం మీద మాత్రమే వెలుగు. ముఖం కాగితం మీదనుంచి తిరిగొచ్చిన వెలుగులో కనబడుతోంది. ఆ లైటు వేసిన పిల్ల రిహార్సళ్ళన్నిటికీ కూర్చుందట. నేను నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను.

అంటే సామాను బాగానే ఉంది. సామానుకి నాటకాన్ని పరిచయం చేసేవాళ్ళే లేరు.

ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో మా తెనాలిలోనే పుట్టింది. పరిషత్తుల్లో నటనకూ రచనకూ దర్శకత్వానికీ బహుమతులిచ్చుకుంటూ వచ్చాం. లైటు సంగతీ చూడాల్సిన వేళైంది, కాబట్టి ఇవాళ పరిషత్తులు నడుపుతున్న పెద్దలకు నా విన్నపం. ఎల్‌ఈడీ తెరకు పెట్టే అద్దెలో సగం తీసి, లైట్లు వేసే కుర్రాడికి ఒకరోజు ముందే ఇవ్వండి, ప్రతి నాటిక స్క్రిప్టు అతని చేతిలో పెట్టండి, నాటకంవాళ్ళను సాయంత్రం నాలుగింటికల్లా రప్పించి అతనితో ఒక గంట కూర్చోబెట్టండి. వీడియోవాడు వచ్చి ఫుల్ లైట్లు అడిగితే ఇవ్వొద్దు, మంచి కెమెరా తెచ్చుకోమనండి. కరపత్రంలో ఆ కుర్రాడి పేరు వేయండి, ప్రెస్సు పేరుకి కనీసం రెండు గీతల పైన. ఆ ఖర్చుకు చందా కావాలంటే ముందు నా దగ్గరికే రండి, ఇస్తాను.